పది నక్షత్రాల గాలి

గవ్వలదిబ్బ దీవిలోని ప్రభుత్వ అతిథిగృహం 'సాగరశోభ' ఏడాదిలో మూడు నెలలు ఖాళీగా పడి ఉంటుందన్న సంగతి దీవుల పర్యాటకాభివృద్ధి సంస్థకి చాలాకాలంగా తెలుసు. ఎందుకు ఖాళీగా ఉంటుందో కూడా తెలుసు. ఆ మూడు నెలల్లో అక్కడికి తుఫాన్లు వస్తాయి. అంతకుముందు పనిచేసిన డైరెక్టర్లందరూ దీన్ని ప్రకృతి సమస్య అనుకుని ఊరుకున్నారు. కొత్తగా వచ్చిన డైరెక్టరు ప్రభంజనరావుగారు మాత్రం ఇది భాషా సమస్య అని కనిపెట్టారు.

ఆయన ఆ విషయం కనిపెట్టింది సాగరశోభ వరండాలో, కొబ్బరిబొండం తాగుతూ. ఎదురుగా గోడకి ఒక బోర్డుంది. దాని మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసి ఉంది: 'యాత్రికులకు మనవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం. రోజూ వార్తలు వినండి. టార్చిలైటు, వాడే మందులు దగ్గరుంచుకోండి. గాలి పెరిగితే లాంచీ ఆగిపోకముందే ఒడ్డుకి వెళ్ళిపోండి. వెళ్ళలేకపోతే సముద్రం వైపు గదులు ఖాళీ చేసి తుఫాను షెల్టరుకి రండి.'

"ఇది రాసిందెవరు?" అన్నారు ప్రభంజనరావుగారు.

"నేనేనండి," అంది మేనేజరు కుడుపూడి సత్యవేణి.

"అమ్మా సత్యవేణీ, ఇది ఆహ్వాన పత్రికలా లేదు. చావు కబురులా ఉంది. తుఫాను, ఆగిపోవడం, వెళ్ళిపోవడం, ఖాళీ చేయడం. ఇన్ని ప్రతికూల పదాలు ఒక్కచోట కుప్పపోస్తే పర్యాటకుడి మనోభావాలు ఏం కావాలి?"

సత్యవేణి దగ్గర సమాధానం ఉంది. కానీ ఆమెది ఇంకా కాంట్రాక్టు ఉద్యోగం. చీరకీ నెరిసిన జుట్టుకీ ఒకే రంగు వచ్చే వయసులో ఉంది. ఆమెని పర్మనెంటు చేసే ఫైలు ప్రభంజనరావుగారి బల్ల మీద ఉంది. అందుచేత "చిత్తమండి" అంది.

పదిహేను రోజుల్లో 'సానుకూల వాతావరణ పదావళి' పేరుతో ఆదేశాలు వచ్చాయి. వాటి ప్రకారం సంస్థకి చెందిన ఏ ఆవరణలోనూ, ఏ ఉద్యోగీ, ఏ సందర్భంలోనూ తుఫాను అనే మాట వాడకూడదు. దాన్ని 'పవనోత్సవం' అనాలి. ప్రమాదం అనే మాట పూర్తిగా రద్దు. వానని 'జలధార' అనాలి. కరెంటు పోతే 'చీకటి అనుభూతి' మొదలైందని చెప్పాలి. లాంచీలు ఆగిపోతే 'బస పొడిగింపు సౌభాగ్యం' కలిగినట్టు. ఇక సముద్రపు నీరు గదిలోకి వస్తే, అది 'గది ముంగిటికే సాగర సేవ'.

ఆదేశాల ముసాయిదా రాసిన పి.ఏ. జగన్నాథానికి మధ్యలో ఒక ధర్మసందేహం వచ్చింది. ప్రభంజనం అంటే కూడా పెనుగాలే కదా, మరి అయ్యగారి పేరు సంగతేమిటి? భయపడుతూనే అడిగాడు. ప్రభంజనరావుగారు చాలాసేపు ఆలోచించారు. ఆయన నిబంధనల విషయంలో తన పర భేదం చూపించే మనిషి కాదు. ఆ సాయంత్రమే నేమ్‌ప్లేటు మార్పించి 'ప్ర. రావు' అని మాత్రమే రాయించుకున్నారు.

బోర్డు తీసేశారు. దాని స్థానంలో ఈ కొత్త మాటలతో, అతిథులకి పంచే రంగురంగుల పుస్తకం వచ్చింది. తుఫాను షెల్టరు చూడగానే జనానికి తుఫాను గుర్తొస్తుందని, దానికి తాళం వేసి, ముందుభాగమంతా కప్పేస్తూ నవ్వుతున్న సూర్యుడి ఫ్లెక్సీ కట్టించారు. తాళంచెవి భద్రత కోసం రాజధానికి పట్టుకుపోయారు.

ఇంత చేసినా గదులు నిండలేదు. ఫోన్ చేసినవాళ్ళందరూ ఒకటే అడిగేవారు: "మీది ఎన్ని స్టార్ల హోటలండీ?"

సాగరశోభకి స్టార్లు లేవు. రావాలంటే లిఫ్టు ఉండాలి, ఈతకొలను ఉండాలి, కనీసం అన్ని గదుల్లోనూ కుళాయిలు పనిచేయాలి. ఈ సంగతి సత్యవేణి నెలవారీ వీడియో సమావేశంలో చెప్పింది. అదే సమయంలో ఆమె వెనక కిటికీలోంచి రేవులో జెండాకొయ్య కనిపిస్తోంది. బంగాళాఖాతంలో ఎక్కడో అల్పపీడనం ఉందని ఆ ఉదయమే అక్కడ సూచిక ఎగరేశారు.

"అదేమిటి?" అన్నారు ప్రభంజనరావుగారు తెరమీద.

"రెండో నంబరు ప్రమాద సూచికండి."

"నంబరా? నంబర్లు ఎంతదాకా ఉంటాయి?"

"పదకొండు దాకా ఉంటాయండి."

ప్రభంజనరావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ముఖంలో క్రమంగా ఒక కాంతి వ్యాపించింది.

"మిత్రులారా, గమనించండి. ప్రమాద సూచిక అన్న సమాసంలో 'ప్రమాద' అన్నది మన పదావళి ప్రకారం ఇప్పటికే రద్దయింది. మిగిలింది సూచిక. ఏ సూచిక? నాణ్యతా సూచిక! ఇతర ప్రాంతాల వారు ఐదు స్టార్ల కోసం కోట్లు వెచ్చిస్తున్నారు. మనకి సాక్షాత్తు ప్రకృతే పదకొండు దాకా ఉచితంగా ప్రసాదిస్తుంటే మనం దాన్ని కొయ్యకి కట్టి వదిలేస్తున్నాం."

"సార్," అంది సత్యవేణి, "ఆ నంబరు పెరిగేకొద్దీ..."

"పెరిగేకొద్దీ?"

ఆమె గొంతు సవరించుకుంది. "పెరిగేకొద్దీ పవనం ఎక్కువవుతుందండి."

"అంటే మనం ఎక్కువ ఇస్తున్నామన్నమాట. ఎక్కువ ఇచ్చేచోట ఎక్కువ స్టార్లు ఉండడం న్యాయమే కదా!"

సమావేశంలో అందరూ చప్పట్లు కొట్టారు. సత్యవేణి కూడా కొట్టింది.

మొదటిసారి మూడు స్టార్లు వచ్చిన శనివారం సాగరశోభ సగం నిండింది. జనం వరండాలో కూర్చుని, జుట్టు ఎగురుతుంటే ఫొటోలు తీసుకుని, పకోడీలు తిని సంతోషించారు. ఆదివారం పొద్దున అల్పపీడనం బలహీనపడి సూచిక ఒకటికి దిగింది. దాంతో పెద్ద గొడవైంది. మూడు స్టార్లకి కట్టించుకుని ఒక్క స్టారు గాలి వదులుతున్నారని అతిథులు ఫిర్యాదులు రాశారు. ప్రభంజనరావుగారు దాన్ని తీవ్రంగా పరిగణించి వాతావరణ కార్యాలయానికి లేఖ పంపారు: 'పర్యాటకుల విస్తృత ప్రయోజనాల దృష్ట్యా, ఒకసారి ఎగరేసిన సూచికను వారాంతం ముగియువరకు దించరాదని కోరడమైనది.' గాలి తమ చేతిలో లేదని అక్కడి నుంచి జవాబొచ్చింది. ఆయన దాని అంచున 'సహకార లోపం' అని రాసి ఫైలులో పెట్టించారు.

నెల తిరిగేసరికి సత్యవేణికి శాలువా కప్పారు. ఆమె ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి జరిగింది. మొదట్లో ఆ కొత్త మాటలు పలకబోతే నాలుక మడతపడేది. "సముద్రం మిమ్మల్ని పలకరించడానికి వస్తుందండి" అని ఫోన్లో చెప్పాక, పక్కనున్న వంటమనిషి నూకరాజు ముఖం చూడలేకపోయేది. తర్వాత తర్వాత అలవాటైపోయింది. అలవాటైపోయిందని తనకే తెలిసొచ్చిన రోజున మాత్రం ఆమెకి అన్నం సయించలేదు.

నవంబరు రెండో వారంలో వాయుగుండం పట్టింది. అది తీవ్ర వాయుగుండమై, ఆపైన ఇంకోటై, ఆ ఇంకోదాని పేరు రేడియోలో చెబుతుంటే సాగరశోభ ఆవరణలో రేడియో కట్టేయాల్సివచ్చింది. రేవులో సూచిక మూడు, అయిదు, ఏడు చూపించి, గురువారం పొద్దుటికి పదికి చేరింది.

పది!

ఫోను మోగుతూనే ఉంది. గదులు నిండాయి. వరండాలో మంచాలు వేసినా నిండాయి. భోజనాల హాల్లో పరుపులు పరిచారు. అవతల పల్లెకారుల పేటలో గుడిసెలన్నీ ఖాళీ అయిపోయాయి. వాళ్ళు వలలు, కోళ్ళు, పిల్లలతో సహా ముందురోజే ఒడ్డుకి తరలిపోయారు. దీన్ని చూసి ఒక అతిథి, "స్థానికులు కూడా మనకి చోటిచ్చి వెళ్ళిపోయారు, ఎంత మర్యాదస్తులో!" అని మెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం ముందు ఆఖరి లాంచీ వచ్చింది. నిండుగా వచ్చింది. నరసరావుపేట ఎరువుల వ్యాపారి చలమయ్య, ఆయన భార్య హైమవతి, ఇంకా బోలెడుమంది కళ్ళజోళ్ళూ పెట్టెలూ పట్టుకుని దిగారు. లాంచీ ఊగుతుంటే కేరింతలు కొట్టారు.

లాంచీ సరంగు సింహాద్రి తాడు వదలకుండానే కేకేశాడు.

"సత్యవేణిగారో! ఇదే ఆకరు ట్రిప్పండీ. ఉన్నోళ్ళందర్నీ ఎక్కించెయ్యండి, దింపేత్తాను!"

సత్యవేణి పరుగెత్తుకెళ్ళి వరండాలో ప్రతివాళ్ళనీ బతిమాలింది. ఒక్కరూ కదల్లేదు. పది స్టార్లు ఎగరేసిన రోజున వెళ్ళిపొమ్మంటుందేమిటని విచిత్రంగా చూశారు. తమ గదులు ఇంకెవరో పెద్దవాళ్ళకి ఇవ్వడానికే ఈ ఎత్తు అని ఒకావిడ గట్టిగానే అంది. చివరికి లాంచీ ఎక్కింది రేవులో జెండా ఎగరేసే ఉద్యోగి ఒక్కడే. పది ఎగరేశాక ఇక తనకి అక్కడ పనిలేదన్నాడు.

"పోనీ మీరన్నా రండమ్మా. ఆళ్ళ కర్మ ఆళ్ళది," అన్నాడు సింహాద్రి.

సత్యవేణి లాంచీకేసి చూసింది. ఒక కాలు గట్టు చివరిదాకా వెళ్ళింది కూడా. లోపల్నుంచి ఎవరో "మేనేజరుగారూ, వేడినీళ్ళు రావట్లేదండీ!" అని పిలిచారు. ఆ గొంతులో కొంచెం కూడా భయం లేదు. ఆ భయం లేకుండా చేసింది తనే.

"నువ్వెళ్ళు బాబూ," అంది. "తిన్నగా వెళ్ళు. మధ్యలో ఆగకు."

లాంచీ వెళ్ళాక డైరెక్టరుగారికి ఫోన్ చేసింది.

"అభినందనలు సత్యవేణీ!" అన్నారాయన. "పది స్టార్లు! సంస్థ చరిత్రలో ఇది సువర్ణాక్షరాలతో లిఖించదగిన ఘట్టం."

"సార్, షెల్టరు తాళం బద్దలుకొట్టడానికి అనుమతి కావాలండి."

"ఏ షెల్టరు? ఆ పదం..."

"అదేనండి, సూర్యుడి బొమ్మ వెనకది."

"ఆ ప్రతిపాదన లిఖితపూర్వకంగా పంపించు, పరిశీలిస్తాం. ముందు అతిథులందర్నీ తెర ముందు కూర్చోబెట్టు. మూడింటికి ఉత్సవాన్ని నేనే వీడియోలో ప్రారంభిస్తున్నాను."

మూడింటికి అందరూ వరండాలో తెర ముందు కూర్చున్నారు. తెరమీద ప్రభంజనరావుగారు పట్టు కండువాతో ప్రత్యక్షమయ్యారు. అక్కడ రాజధానిలో ఆయన ఒక రిబ్బను కత్తిరిస్తే, ఇక్కడ దీవిలో సత్యవేణి ఇంకో రిబ్బను కత్తిరించాలని ఏర్పాటు. ఇక్కడి రిబ్బనుకి కత్తెర అవసరం రాలేదు. కట్టిన కొబ్బరిమట్టతో సహా లేచిపోయింది. "ప్రకృతి, పర్యాటకుడు, ప్రభుత్వం, ఈ మూడింటి త్రివేణీ సంగమంగా..." అంటుండగా కరెంటు పోయింది.

"చీకటి అనుభూతి!" అని పుస్తకం చదివినవాళ్ళు ఉత్సాహంగా అరిచారు.

వంటింట్లోంచి నూకరాజు వచ్చి సత్యవేణి చెవిలో అన్నాడు. "అమ్మా, వెనక కాలవలోకి ఉప్పునీరు ఎదురొచ్చేత్తందండి. ఇంక ఆగితే కాళ్ళు నేలకి ఆనవు. ఏటి చేద్దాం?"

"గునపం ఉందా?"

"ఉందండి."

"వెళ్ళి తాళం కొట్టెయ్యి. బియ్యం, చింతకాయ పచ్చడి, మంచినీళ్ళ డబ్బాలు అక్కడ పెట్టు."

"తాళం గవర్నమెంటుది కదండి, ఆయ్!"

"నేను చెప్పానని కొట్టు. ఎవరడిగినా నా పేరు చెప్పు."

నూకరాజు వెళ్ళాడు. సత్యవేణి బ్యాటరీ మైకు పట్టుకుంది.

"గౌరవనీయులైన అతిథులకి విజ్ఞప్తి. పవనోత్సవం దృష్ట్యా మీరందరూ వెనక ఉన్న ఎత్తైన భవనంలోకి దయచేయవలసిందిగా కోరుతున్నాం."

చలమయ్య లేచి నిలబడ్డాడు. భారీ మనిషి.

"ఏందమ్మా, సముద్రం కనపడే గది అని చెప్పి కట్టించుకున్నారు. ఇప్పుడు ఎనకమాలకి పొమ్మంటే ఎట్టా? మేమేమన్నా ఊరికే వొచ్చామా?"

"అవునవును," అన్నారు చాలామంది.

సత్యవేణి మైకు దించింది. మళ్ళీ ఎత్తింది. పర్మనెంటు ఫైలు కళ్ళముందు మెదిలింది. ఆ బల్లలు, వాటి మధ్య ఇన్నేళ్ళు.

"తుఫాను," అంది. "తుఫాను వస్తోందండి. పెద్ద తుఫాను. ఈ ఇల్లు నిలబడదు."

ఆ మాట అనేశాక ఆమెకి గుండెల మీంచి ఏదో దిగినట్టనిపించింది.

చలమయ్య చేతిలో పుస్తకం తెరిచి వెనకా ముందూ తిప్పి చూశాడు.

"ఇందులో ఆ మాటే లేదమ్మా," అన్నాడు చాలా ఓపిగ్గా. "తుఫానైతే గవర్నమెంటోళ్ళు చెప్పరా? చెప్పకపోంగా పది స్టార్లిచ్చారు. దుబాయిలో ఏడే ఉన్నయి. నేను చూసొచ్చా."

అందరూ నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇదంతా కార్యక్రమంలో భాగమనీ, మేనేజరమ్మ బాగా నటిస్తోందనీ వెనక వరసలో అనుకున్నారు. పెంకు ఒకటి ఎగిరొచ్చి మెట్ల మీద పగిలింది. దానికీ చప్పట్లు కొట్టారు.

నిజం పనిచేయలేదు. సత్యవేణి ఆ జనాన్ని తేరిపార చూసింది. ఈ కొద్ది నెలల్లో వందలమందికి గదులిచ్చింది కనక ఆమెకి వాళ్ళు ఒక సంగతి నేర్పారు. ఆమె మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుంది. ఈసారి గొంతు తగ్గించి, ముక్తసరిగా మాట్లాడింది.

"సరేనండి. మీరందరూ ఇక్కడే ఉండండి. వెనక భవనం ముఖ్య అతిథులకి మాత్రమే కేటాయించాం. మిగతావారు దయచేసి అటు రావద్దు."

మైకు కట్టేసి, చకచకా నడుచుకుంటూ షెల్టరు వైపు వెళ్ళిపోయింది.

వరండాలో చిన్న కదలిక మొదలైంది.

"ముఖ్య అతిథులంటే ఎవరంట?" అన్నాడు చలమయ్య.

"మనకి చెప్పలేదేం?" అంది హైమవతి. "చూశారా, ఎప్పుడూ ఇంతే. పెద్దోళ్ళకొకటి, మనకొకటి."

సత్యవేణి షెల్టరు గుమ్మం దగ్గరికి చేరేలోపే వెనక అడుగుల చప్పుడు వినిపించింది. మొదట నలుగురు. వాళ్ళని చూసి ఇరవైమంది. వాళ్ళని చూసి అందరూ. చీరలు మొహాలకి చుట్టుకుపోతున్నా, కళ్ళజోళ్ళు ఎగిరిపోతున్నా, ఒకరి భుజం ఒకరు పట్టుకుని వస్తున్నారు. సత్యవేణి గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"మీరిక్కడికి రాకూడదండి."

"నేనెవరో తెలుసా నీకు?" అన్నాడు చలమయ్య గాలికి మించి అరుస్తూ. "మా జిల్లా ఎరువుల డీలర్ల సంఘానికి అధ్యక్షుణ్ణి!"

సత్యవేణి సందేహించినట్టు చూసింది. "అయితే మీరొక్కరు రండి."

"మా ఆవిడో?"

"సరే, ఆవిడ కూడా."

తరవాతి ఆయన ఒక తహసీల్దారుకి బావమరిదినన్నాడు. లోపలికి పంపించింది. ఆయన వెనక ఆవిడ తహసీల్దారు ఇంటి పక్కనే ఉంటానంది. పంపించింది. ఒక కుర్రాడు తనకి ఫోన్లో చాలామంది అభిమానులున్నారన్నాడు. అతన్నీ పంపించింది. అలా బతిమాలించుకుంటూ, గద్దించబడుతూ, ఒక్కొక్కరినీ అయిష్టంగా లోపలికి వదిలింది. ఒక ముసలాయన మాత్రం గుమ్మం బయటే ఆగిపోయాడు. పంచె తడిసి కాళ్ళకి అతుక్కుపోయింది.

"నేను ఎవర్నీ కాదమ్మా. రిటైరైన డ్రాయింగు మాస్టార్ని," అన్నాడు. "ఎనక్కి ఎల్లిపోనా?"

సత్యవేణి ఆయన చెయ్యి పట్టుకుని తనే లోపలికి లాగింది. నూకరాజు తలుపు మూశాడు.

గంటలోపు సాగరశోభ కప్పు లేచిపోయింది. షెల్టరు పైన సన్నటి వెంటిలేటర్లోంచి చలమయ్య అది చూశాడు. మొదట పెంకులు, తరవాత వరండా స్తంభాలు, తరవాత తను డబ్బు కట్టిన సముద్రం వైపు గది. గది ఉన్నచోటికి సముద్రమే వచ్చింది. ఆయన కిందకి దిగి హైమవతి పక్కన కూలబడి, పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి అందరి ముందూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లలు ఏడుస్తుంటే నూకరాజు పచ్చడన్నం ముద్దలు కలిపి పెట్టాడు.

గాలి కాస్త తెరిపిచ్చినప్పుడు చలమయ్య సత్యవేణి దగ్గరికొచ్చాడు.

"అమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇందాక ముఖ్య అతిథులన్నావు. ఇంతకీ ఎవరమ్మా వాళ్ళు?"

"మీరందరూనండి," అంది సత్యవేణి.

ఆయన తన శాలువా తీసి డ్రాయింగు మాస్టారికి కప్పాడు.

ఒక్క ప్రాణం కూడా పోలేదు. సంస్థ ఆ విజయాన్ని ఘనంగా ప్రకటించుకుంది. 'ప్రప్రథమ పది నక్షత్రాల పవనోత్సవం దిగ్విజయం. సాగరశోభ భవనం పవన మార్గంలో స్థలాంతరం చెందింది' అని పత్రికా ప్రకటన ఇచ్చారు. అతిథుల అభిప్రాయాలు కూడా సేకరించారు. చాలామంది ప్రాణాలు కాపాడినందుకు మేనేజరుగారికి దండాలు పెడుతూ రాశారు. అయితే నలుగురైదుగురు మాత్రం, ముఖ్య అతిథుల విభాగంలో కుర్చీలు లేవనీ, తమకంటే తక్కువ స్థాయి వారిని కూడా అనుమతించారనీ ఫిర్యాదు చేశారు.

సత్యవేణికి చార్జిమెమో వచ్చింది. నిషిద్ధ పదాన్ని మైకులో పలుమార్లు ఉచ్చరించడం, ప్రభుత్వ తాళాన్ని ధ్వంసం చేయడం, ముందస్తు ఆమోదం లేకుండా పర్యాటకులకు ముఖ్య అతిథుల హోదా ప్రదానం చేయడం. ఆమె పర్మనెంటు ఫైలు మళ్ళీ మొదటి బల్లకి వచ్చింది. విచారణ నిష్పక్షపాతంగా జరగాలంటే విషయమంతా తెలిసిన వ్యక్తే చేయాలి కనక, విచారణాధికారిగా ప్రభంజనరావుగారే నియమితులయ్యారు.

డిసెంబరు మొదట్లో ఆయన పి.ఏ. జగన్నాథంతో సహా దీవికి వచ్చారు. సాగరశోభలో నేల మాత్రమే మిగిలింది కనక, ఆ నేల మీదే ఒక బల్ల, మూడు కుర్చీలు వేయించారు. రేవులో కొత్త జెండా ఉద్యోగి అప్పుడే ఏడో నంబరు ఎగరేస్తున్నాడు. ఉన్నతాధికారి వచ్చిన రోజున ఏడు స్టార్లు రావడం శుభసూచకమని ప్రభంజనరావుగారు సంతోషించారు. కుర్చీలు మోసుకొచ్చిన నూకరాజు ఆకాశం చూసి, ఏదో అనబోయి, చార్జిమెమో గుర్తొచ్చి సత్యవేణి ముఖం చూశాడు. ఆమె లోగొంతుతో "షెల్టరు తీసి ఉంచు" అంది.

"అభియోగం ఒకటి," అన్నారు ప్రభంజనరావుగారు. "ఆ రోజు మధ్యాహ్నం నువ్వు ఆ పదం వాడావా?"

"వాడానండి."

"ఎందుకు?"

"వచ్చింది కదండి."

"జగన్నాథం, రాసుకో. సదరు విషయం వచ్చిందని ఉద్యోగిని వాదన. ధ్రువీకరించు ఆధారాలు సమర్పించలేదు."

జగన్నాథం రాయబోయాడు. కాగితం చేతిలోంచి లేచిపోయింది. దాని వెనకే ఫైలు లేచింది. ఫైలు పట్టుకోబోతే కుర్చీ దొర్లింది. కొబ్బరిచెట్లన్నీ ఒకేసారి ఒకవైపుకి వంగాయి. వాళ్ళని దింపిన లాంచీ అప్పటికే తాడు విప్పుకుని ఒడ్డుకి వెళ్ళిపోతోంది. సింహాద్రి చెయ్యి ఊపుతున్నాడు, ఏదో అరుస్తున్నాడు. వినపడలేదు.

"ఏమిటిది?" అన్నారు ప్రభంజనరావుగారు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నారు. "సత్యవేణీ, ఏమిటిది? చెప్పవేం?"

ఏ మాటతో చెప్పాలో ఆమెకి తెలియలేదు. చెప్పదగిన మాటలన్నీ ఆయన పుస్తకంలోనివే. వాటితో ఏది చెప్పినా ఆయన ఇంకాసేపు అక్కడే కూర్చుంటారు.

ఒక అల లేచి రేవు గట్టు దాటి, సాగరశోభ నేల మీదుగా వచ్చి, ఆయన బూట్లని ముంచి వెనక్కి వెళ్ళింది. పట్టు కండువా ఎగిరి కొబ్బరిమట్టకి చుట్టుకుంది.

"తుఫాను!" అని అరిచారు ప్రభంజనరావుగారు. "తుఫానే ఇది! సత్యవేణీ, తుఫాను!"

"అవునండి," అంది సత్యవేణి. ఆయన మోచెయ్యి పట్టుకుంది. "బూట్లు ఇక్కడే వదిలెయ్యండి, జారతాయి. తల వంచుకోండి. సముద్రం వైపు చూడకండి. నా వెనకే రండి."

చిన్నపిల్లాడిలా ఆమె వెనకే నడిచారు. జగన్నాథం చేతికి దక్కిన ఒక్క కాగితాన్నీ గుండెలకి అదుముకుని వాళ్ళ వెనక పరుగెత్తుకొచ్చాడు. షెల్టరు గుమ్మం దగ్గర రొప్పుతూ నిలబడి అడిగాడు:

"సార్, ఇందాక మీరన్న మాట రికార్డులో రాయమంటారా?"

ప్రభంజనరావుగారు ఏదో అన్నారు. గాలి హోరులో ఆ జవాబు ఎవరికీ వినపడలేదు. సత్యవేణి ఇద్దర్నీ లోపలికి తోసి, జెండా ఉద్యోగి కూడా వచ్చేదాకా గుమ్మం దగ్గరే నిలబడి, అందరూ వచ్చారని చూసుకున్నాక తలుపు గడియ వేసింది.